కాల్ చేరుతోంది, వివరం చేరడం లేదు

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి గిట్టుబాటు ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు పైకి చిన్నదిగా కనిపించే విషయం ఒకటి తీసుకుంటున్నాం. అది ఫోను. పంట మునిగితే ఫోను చేయమంటున్నారు. తెగులు వస్తే ఫోను చేయమంటున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఫోను చేయమంటున్నారు. ఒకప్పుడు మండలాఫీసు వరండాలో నిలబడేవాళ్లం. ఇప్పుడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "మీ కాల్ మాకు ముఖ్యం" అనే టేపు వింటూ నిలబడుతున్నాం. వరండాలో నిలబడ్డప్పుడు కనీసం అధికారి మన ముఖం చూసేవాడు.

ఫోను వద్దని మనం అనడం లేదు. ఊరి నుంచి మండలానికి పోయి రావాలంటే ఒక పూట కూలి పోతుంది. ఆ ఖర్చు లేకుండా పని జరిగితే మంచిదే. అయితే ఆ ఫోను ఎక్కడికి పోతోంది, ఎవరు ఎత్తుతున్నారు, మనం చెప్పింది వాళ్లకు ఎంతవరకు చేరుతోంది అన్నది తెలియకుండా దాని మీదే ఆధారపడితే నష్టపోతాం. నష్టపోయిన మన సభ్యుడి సంగతితోనే మొదలుపెడతాం.

142 కాస్తా 140 అయింది

ఆయన కౌలు రైతు. వరి కోసి పనల మీద ఉండగా తుఫాను వాన పడింది. మూడో రోజుకు మొలకలొచ్చాయి. కోసి పొలంలో ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు తుఫాను వానకో, అకాల వానకో దెబ్బతింటే, ఆ పంటకు ఆ రక్షణ నోటిఫై అయి ఉంటే, ఫసల్ బీమా నిబంధనల ప్రకారం 72 గంటల్లో సమాచారం ఇవ్వాలి. ఇది మన అందరికీ తెలిసిందే. ఆయన గడువులోపే ఫోను చేశాడు. మొదటిసారి లైను దొరకలేదు. రెండోసారి దొరికింది, వివరాలన్నీ చెప్పాక "సంబంధిత విభాగానికి కలుపుతున్నాం" అన్నారు. అక్కడ ఇంకొకరు ఎత్తి పేరు దగ్గర నుంచి మళ్లీ అడిగారు. మధ్యలో కట్ అయింది. మూడోసారి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. "నమోదైంది" అన్నారు. ఆయన ఇంటికి పోయి పడుకున్నాడు.

సర్వేకు ఎవరూ రాలేదు. నెల తరువాత మేము ఆయనతో కలిసి తిరిగితే తేలిందేమిటి? సర్వే నంబరు 142/2కి బదులు 140/2 అని పడింది. "నూట నలభై రెండు బై రెండు" అని ఆయన చెప్పాడు. మధ్యలో ఒక్క "రెండు" అవతలికి చేరలేదు. గడువు దాటింది కాబట్టి సరిచేయడం కుదరదన్నారు. ఎకరంన్నర పంట పోయింది, కౌలు మాత్రం కట్టాల్సి వచ్చింది.

ఇందులో ఆయన తప్పు లేదు. ఫోను ఎత్తిన అమ్మాయి తప్పు కూడా ఉండకపోవచ్చు. తప్పు కాల్ నడిచిన దారిలో ఉంది. ఆ దారి ఎట్లా ఉంటుందో చూద్దాం.

1800 అనేది ఒక ఫోను కాదు

1800తో మొదలయ్యే నంబరు ఎక్కడో ఒక బల్ల మీద మోగే ఫోను కాదు. అది పేరు మాత్రమే. మనం ఆ నంబరు నొక్కగానే నెట్‌వర్క్ దాన్ని ఇంకో మామూలు నంబరుగా మార్చి, ఏదో ఒక కేంద్రానికి పంపుతుంది. ఏ కేంద్రానికి పంపాలి అన్నది ఎక్కువగా మన నంబరు ఏ టెలికాం సర్కిల్‌ది అన్న దాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఆ కేంద్రంలోని యంత్రం మళ్లీ కాల్‌ని ఖాళీగా ఉన్న మనిషికి ఇస్తుంది. ఆ మనిషి అదే గదిలో ఉండవచ్చు, ఇంకో నగరంలో ఉండవచ్చు, తన ఇంట్లోనే కూర్చుని ఉండవచ్చు.

ఇంతకు ముందు కాల్ సెంటర్లకు కట్టుబాట్లు ఎక్కువ ఉండేవి. 2020 లాక్‌డౌన్‌లో ఉద్యోగులు ఇళ్ల నుంచి పని చేయడానికి టెలికాం శాఖ సడలింపులు ఇచ్చింది. 2021 జూన్ 23న ఇచ్చిన మార్గదర్శకాలతో, దేశంలో ఎక్కడున్న మనిషికైనా కాల్ మళ్లించుకునే వీలు పూర్తిగా వచ్చింది. దీనివల్ల మేలు కూడా ఉంది. ఒక నగరంలో వరద వస్తే ఇంకో నగరంలో ఎత్తవచ్చు. చంటి బిడ్డ ఉన్న తల్లి ఇంటి నుంచే పని చేసుకోవచ్చు. కానీ కాల్ దూరం పోయినకొద్దీ కొన్ని సంగతులు దారిలోనే రాలిపోతాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకటి: ఊరు తెలియదు

నెట్‌వర్క్‌కు మన నంబరు తెలుసు, మన పొలం తెలియదు. 2015 జులై నుంచి దేశంలో ఎక్కడికి పోయినా పాత నంబరే ఉంచుకోవచ్చు. పాలమూరు నుంచి ముంబై, పూణే పోయి పని చేసి తిరిగొచ్చిన మన వాళ్ల చేతుల్లో మహారాష్ట్ర సిమ్‌లు ఉన్నాయి. వాళ్లు సొంత ఊళ్లో నిలబడి ఫోను చేసినా, నంబరును బట్టి పంపితే కాల్ మరాఠీ మాట్లాడే మనిషికి పోతుంది. తుంగభద్ర కాలువ కింద సింధనూరు, గంగావతి క్యాంపుల్లో తరాలుగా సాగు చేస్తున్న తెలుగు రైతులకు కన్నడం ఎత్తుతుంది. మాట్లాడగలిగినవాళ్లు మాట్లాడతారు, ముసలివాళ్లు పెట్టేస్తారు.

ఇంకో చిక్కు మన రెండు రాష్ట్రాలది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది. మొబైల్ లైసెన్సుల లెక్కలో మాత్రం రెండూ ఇప్పటికీ ఒకే సేవా ప్రాంతం, దాని పేరు ఆంధ్రప్రదేశ్. ఆదిలాబాద్ నుంచి చేసినా, అనంతపురం నుంచి చేసినా సర్కిల్ ఒక్కటే. మనం నోటితో చెబితే తప్ప అవతలి మనిషికి మనది ఏ రాష్ట్రమో తెలియదు.

తెలియకపోతే ఏమవుతుంది? "రైతు భరోసా పడలేదండీ" అని ఫోను చేశారనుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన పథకం పేరు రైతు భరోసా. తెలంగాణలో 2018లో వచ్చిన రైతు బంధు 2025 జనవరి నుంచి రైతు భరోసా అయింది. ఆ సరికి ఆంధ్రలో ఆ పేరు పోయి అన్నదాత సుఖీభవ వచ్చింది. పేరు ఒకటే, రాష్ట్రాలు వేరు, ప్రభుత్వాలు వేరు, నిబంధనలు వేరు. పంటల బీమా కూడా అంతే. 2020లో రెండు రాష్ట్రాలూ ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చాయి, ఆంధ్రప్రదేశ్ 2022 ఖరీఫ్‌లో మళ్లీ చేరింది. రాష్ట్రం ఏదో అడగకుండా సలహా చెప్పేవాళ్లు పక్క రాష్ట్రం జవాబు మనకు చెప్పే ప్రమాదం ఉంది.

జిల్లాల సంగతి సరేసరి. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. దూరాన కూర్చున్న మనిషి తెర మీద పాత జాబితా ఉంటే మన మండలమే కనిపించదు. రామాపురాలు, కొత్తపల్లెలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

రెండు: మాట అరిగిపోతుంది

పాతకాలపు టెలిఫోన్ లైను మనిషి గొంతులో 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. స, శ, ఫ లాంటి అక్షరాల పదును చాలావరకు దానికి పైన ఉంటుంది. ఇప్పటి 4జీ ఫోన్లలో గొంతు బాగానే వినిపిస్తుంది. కానీ కాల్ దారిలో ఎక్కడ పాత నెట్‌వర్క్ తగిలినా మళ్లీ ఆ ఇరుకు దారికే పడిపోతుంది. పైగా ప్రతి నెట్‌వర్క్ గొంతును తన పద్ధతిలో కుదించి పంపుతుంది. మొబైల్ ఒకసారి, కాల్ సెంటర్ యంత్రం ఇంకోసారి, ఇంట్లో ఉన్న ఉద్యోగి ఇంటర్నెట్ మరోసారి. జిరాక్స్‌కు జిరాక్స్ తీసినట్టు. ఇంటర్నెట్ సరిగా లేకపోతే ముక్కలు ముక్కలుగా మాట ఎగిరిపోతుంది. మన సభ్యుడి "రెండు" ఎగిరిపోయింది అట్లాగే కావచ్చు.

ఆలస్యం ఇంకొకటి. మన మాట అవతలికి చేరడానికి సెకనులో దాదాపు ఏడో వంతు, అంటే 150 మిల్లీ సెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ సిఫారసు. మజిలీలు పెరిగితే అది దాటుతుంది. దాటినప్పుడు ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. మోటారు షెడ్డు దగ్గర, గాలిలో నిలబడి మాట్లాడే మనకు అది ఇంకా కష్టం.

దీనివల్ల పోయేది మర్యాద మాత్రమే అయితే పట్టించుకోనక్కర్లేదు. పోయేది పంట. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, క్వినాల్‌ఫాస్ – మూడింటికీ తోక ఒకటే. తల వినిపించకపోతే ఏ మందు కొంటాం? "లీటరు నీటికి రెండు మిల్లీలీటర్లు" అన్నదాంట్లో "లీటరు నీటికి" ఎగిరిపోతే ఏం కొడతాం? తెలంగాణ సర్వే నంబర్లలో అ, ఆ అనే భాగాలుంటాయి. రెంటికీ తేడా దీర్ఘం ఒక్కటే. అరిగిపోయిన లైనులో దీర్ఘం నిలుస్తుందని ఏం నమ్మకం?

మూడు: భాష ఒకటే, మాటలు వేరు

తెలుగు వచ్చిన మనిషే ఎత్తారనుకుందాం. "రెండు ఇరవై పొలం" అని చెప్పామనుకోండి. తెలంగాణ రైతుకు అది రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి రెండున్నర ఎకరాలు. ఆంధ్ర రైతుకు రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి రెండెకరాల మీద అయిదో వంతే. ఒకటి ఇంకొకటిగా రాసుకుంటే 30 సెంట్ల తేడా.

కోస్తాలో వేరుశనగ అంటే సీమలో బుడ్డలు, శెనక్కాయ అంటారు, తెలంగాణలో పల్లికాయ అంటారు. మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెంటికీ మందు వేరు. "ముడత వచ్చింది" అనగానే "పైముడతా, కింది ముడతా" అని ఎదురు అడగగలిగినవాడు మిరప చేలో నడిచినవాడే. చేను ఎరగని మనిషి తెర మీద వచ్చిన మొదటి మందు చదువుతాడు.

కేంద్ర ప్రభుత్వం 2004 జనవరి 21న మొదలుపెట్టిన కిసాన్ కాల్ సెంటర్‌లో ఈ సంగతి మొదటి నుంచీ గుర్తించారు. 1800-180-1551కి ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు ఫోను చేయవచ్చు. వ్యవసాయం చదివినవాళ్లు 22 భాషల్లో జవాబు చెప్పేలా పెట్టారు. వాళ్లకు తెలియని ప్రశ్న అయితే పై స్థాయి నిపుణుణ్ణి, అంటే వ్యవసాయ శాఖ అధికారినో, విశ్వవిద్యాలయం, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తనో కలపాలి. ఆలోచన సరైనదే. దూరాన ఉన్న గొంతు వెనక దగ్గరున్న నిపుణుడు ఉండాలి. మిగతా హెల్ప్‌లైన్లకు మనం అడుగుతున్నది కూడా అదే.

నాలుగు: కలిపినప్పుడు కాగితం వెంట రాదు

ఒకరు ఇంకొకరికి కాల్ కలిపినప్పుడు సాధారణంగా గొంతు ఒక్కటే పోతుంది. మొదటి మనిషి తెర మీద టైపు చేసింది రెండో మనిషి తెర మీదికి రావాలంటే ఇద్దరి కంప్యూటర్లూ ఒకే వ్యవస్థలో ఉండాలి. వేర్వేరు కాంట్రాక్టర్ల కింద, వేర్వేరు నెట్‌వర్క్‌ల మీద ఉంటే అది జరగదు. కొన్ని చోట్ల మన ఫోను నంబరు కూడా చేరదు, కలిపిన కేంద్రం నంబరే కనిపిస్తుంది. కాల్ తెగితే వాళ్లు తిరిగి చేయాలనుకున్నా ఎవరికి చేయాలి? ఫోను నంబరును బట్టి పేరు తెరిచే పద్ధతిలో కౌలు రైతుకు ఇంకో ఇబ్బంది. ఆ భూమి వివరాల్లో ఉన్న నంబరు యజమానిది.

అయిదు: మనుషులు పెరిగితే చాలదు

తుఫాను వచ్చిన రోజు అందరూ ఒకేసారి ఫోను చేస్తారు. "దూరాన వందమందిని పెట్టాం" అంటారు. సరే. కానీ మొదటి కేంద్రంలోకి వచ్చే లైన్లు ముప్పై ఉంటే ముప్పై మందే మాట్లాడగలరు. పైగా ఆ కేంద్రం అదే లైన్ల మీద బయటికి కాల్ కలిపితే, ఒక్క రైతు కోసం రెండు లైన్లు పడతాయి. లోపలికి ఒకటి, బయటికి ఒకటి. అప్పుడు ముప్పై లైన్లు పదిహేను మందికే. మిగతావాళ్లకు బిజీ టోను. అదే రోజు మన దగ్గర కరెంటు ఉండదు, టవర్లు పడిపోయి ఉంటాయి, ఫోనులో చార్జింగు ఉండదు. 72 గంటల గడియారం మాత్రం ఆగకుండా తిరుగుతూ ఉంటుంది.

అసలు విషయం ఇదే, మిత్రులారా. కాల్‌ని ఎంత దూరమైనా పంపవచ్చు. అధికారాన్ని మాత్రం ఇప్పటివరకు దాని వెంట పంపలేదు. ఎత్తిన మనిషి సర్వే నంబరు సరిచేయలేరు, గడువు పెంచలేరు, పొలానికి మనిషిని పంపలేరు. వినగలరు, రాయగలరు, అంతే.

అందుకే వాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు. వాళ్లూ మన ఊళ్ల నుంచి చదువుకుని పోయిన పిల్లలే. కాంట్రాక్టు కొలువులు, కాల్‌కు ఇన్ని నిమిషాలని లెక్క. నిదానంగా విందామని వాళ్లకు ఉన్నా లెక్క ఒప్పుకోదు. తిట్టాల్సింది ఫోనులో ఉన్న గొంతును కాదు. ప్రశ్నించాల్సింది ఊళ్లో జవాబుదారీని తీసేసి, ఆ స్థానంలో ఒక నంబరు పెట్టి చేతులు దులుపుకున్న విధానాన్ని.

మన డిమాండ్లు

1. ప్రతి కాల్‌కూ తెలుగులో ఎస్సెమ్మెస్ రసీదు రావాలి. అందులో ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, కాల్ వచ్చిన సమయం ఉండాలి. తప్పు పడితే సరిచేసుకోవడానికి గడువు తరువాత కనీసం వారం ఇవ్వాలి.

2. 72 గంటల లెక్కలో రైతు మొదటిసారి చేసిన కాల్‌నే సమాచారంగా తీసుకోవాలి. బిజీ వచ్చినా, తెగినా ఆ ప్రయత్నం రికార్డులో ఉండాలి.

3. నంబరును బట్టి ఊహించకుండా రాష్ట్రం, జిల్లా, మండలం ముందు అడగాలి.

4. కాల్ కలిపితే రైతు నంబరు, చెప్పిన వివరాలు కూడా కలవాలి. రెండోసారి మొదటి నుంచి చెప్పించకూడదు.

5. ఫోను ఒక్కటే తలుపు కాకూడదు. ఊళ్లో ఉన్న వ్యవసాయ సహాయకుడు, తెలంగాణలో ఏఈఓ, కాగితం మీద నష్టం సమాచారం తీసుకుని ముద్ర వేసి రసీదు ఇవ్వాలి.

6. మందు పేరు, మోతాదు ఫోనులో చెప్పి వదలకుండా ఎస్సెమ్మెస్‌లో కూడా పంపాలి.

7. జిల్లాల వారీగా ఎన్ని కాల్స్ వచ్చాయి, ఎన్ని తెగాయి, ఎన్ని పరిష్కారమయ్యాయి అన్నది ప్రతి నెలా బయటపెట్టాలి. ఫోను ఎత్తేవాళ్లకు ఉద్యోగ భద్రత, మన పొలాల మీద శిక్షణ ఇవ్వాలి.

అంతవరకు మనం చేయాల్సింది

డిమాండ్లు నెరవేరేదాకా పంట ఆగదు. కాబట్టి ప్రతి గ్రామ కమిటీ ఈ పని చేయాలి. ఫోను చేసే ముందు పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం, కౌలు కార్డు చేతిలో పెట్టుకోమని చెప్పండి. మొదట రాష్ట్రం, తరువాత జిల్లా, మండలం, చివర ఊరు చెప్పాలి. సర్వే నంబరు "ఒకటి, నాలుగు, రెండు" అని విడివిడిగా చెప్పాలి. అక్షరం ఉంటే "అమ్మలో అ", "ఆవులో ఆ" అనాలి. పొలం "రెండున్నర ఎకరాలు" అని చెప్పాలి, "రెండు ఇరవై" అనవద్దు. చివర్లో "నేను చెప్పింది మీరొకసారి చదవండి" అని తప్పకుండా అడగాలి. మన సభ్యుడు ఆ ఒక్క మాట అడిగి ఉంటే 140 అక్కడే దొరికేది.

ఫోను చేసిన తేదీ, సమయం, ఎత్తినవాళ్లు చెప్పిన నంబరు గ్రామ కమిటీ నోటు పుస్తకంలో రాయండి. బిజీ వచ్చిన కాల్స్ కూడా రాయండి, ఫోనులోని కాల్ జాబితాను ఫొటో తీయండి. పొలం ఫొటో తీయండి. ఫోను చేసినా సరే, అదే రోజు తెల్లకాగితం మీద అర్జీ రాసి వ్యవసాయాధికారికి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. ఆ నకలు ఉంటే మనం నిలబడి అడగగలం. "ఫోనులో చెప్పాను సార్" అన్న మాట ఎక్కడా నిలవదు.

ఆ కౌలు రైతు కేసు మేము వదల్లేదు. ఆయన ఫోనులో ఆ మూడు కాల్స్ ఇంకా ఉన్నాయి, సమయంతో సహా. వాటిని జత చేసి పైకి అర్జీ పెట్టాం. ఇట్లాంటివి మీ మండలాల్లో ఎన్ని ఉన్నాయో వచ్చే నెల సమావేశానికి రాసుకుని రండి. ఒక్కరు చెబితే "లైను బాగా లేదు" అంటారు. అన్ని మండలాల నోటు పుస్తకాలు కలిపి కలెక్టర్ బల్ల మీద పెడితే ఆ మాట అనలేరు.

సెలవు.